జామచెట్టుకు కట్టిన సీడీ

తాండూరు బస్టాండు దగ్గరి కంప్యూటర్ రిపేరు దుకాణంలో పనిచేసే నిరోషా, ప్రేమ్‌సాగర్ ఇచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టి చూసింది. తెర మీద పాట పేరు కనబడింది. పక్కనే నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు అని కూడా ఉంది. నొక్కితే మాత్రం అనుమతి లేదంటూ ఒక చిన్న పెట్టె వచ్చి నిలబడింది. వికారాబాదులో ఇద్దరు మెకానిక్కుల దగ్గర ప్రేమ్‌సాగర్ చూసిందీ ఆ పెట్టెనే.

అది అతని భార్య మార్త పాడిన పాట. ఆమె పోయి మూడేళ్లు. ఫోన్‌లో ఫొటోలు ఉన్నాయి గానీ, ఆమె గొంతు ఇంకెక్కడా లేదు.

పాత కంప్యూటర్ ఏమైందని నిరోషా అడిగింది. చెడిపోయిందని, అంతకుముందే పాటను పెన్‌డ్రైవ్‌లోకి తీసుకున్నానని చెప్పాడు. పాట వచ్చింది గానీ దాని తాళంచెవి ఆ కంప్యూటర్‌లోనే ఉండిపోయిందని ఆ పిల్ల ఫ్యాను అతని వైపు తిప్పి నిదానంగా వివరించింది. సీడీలోంచి ఎక్కించేటప్పుడు, ఇంకెవరూ కాపీ చేసుకోకుండా ఎవరో టిక్కు పెట్టారంది. మామూలు ఎంపీ త్రీ చేసి ఉంటే ఈ బాధ లేకపోయేదంది.

"ఎవరో గాదమ్మా, నేనే," అన్నాడు ప్రేమ్‌సాగర్.

పదిహేడేళ్ల కిందటి మాట. వికారాబాదు చర్చిలో మార్త పాడే పాటల బృందం ఒక సీడీ చేసింది. డోలక్ వాయించే మత్తయ్య దాన్ని అడిగిన వాళ్లందరి ఫోన్లలోకీ ఎక్కిస్తుంటే, కాలేజీలో లైబ్రేరియన్‌గా ఉన్న ప్రేమ్‌సాగర్ అది దొంగతనమని అందరి ముందూ అన్నాడు. మరుసటి ఆదివారం నుంచి మత్తయ్య చర్చికి రాలేదు. ప్రేమ్‌సాగర్ తన ఇంటికెళ్లి పాటను కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఆ టిక్కు పెట్టాడు. కంప్యూటర్‌లో ఉంది కదా అని మార్త కొన్నాళ్లకు సీడీకి దారం కట్టి పెరట్లో జామచెట్టుకు వేలాడదీసింది. అది ఎండకు మెరుస్తుంటే చిలకలు కాయల జోలికి రాలేదు. ఆ ఏడు వీధి వీధంతా జామకాయలు పంచింది. ఇప్పుడు ఆ సీడీ మీద పొర లేచిపోయి, దాని గుండా చూస్తే ఆకులు కనిపిస్తాయి.

"గప్పుడు కాపీ చేస్కున్నోళ్లు ఎవలన్న ఉండరా అంకుల్?" అంది నిరోషా.

ఉన్నాడు. మత్తయ్య ఇప్పుడు తాండూరులోనే, యాలాల్ రోడ్డులో బండల పాలిష్ చేసే చోట పనిచేస్తున్నాడు. మార్తను మట్టిచేసిన రోజు వచ్చి, సమాధుల గోడ బయటే నిలబడి వెళ్లిపోయాడు. ఆ రోజు కూడా ప్రేమ్‌సాగర్ అతణ్ణి పలకరించలేదు.

ఒళ్లంతా రాతిపొడితో ఉన్న మత్తయ్య అతణ్ణి చూడగానే చేతులు కడుక్కొని స్టూలు జరిపాడు. ప్రేమ్‌సాగర్ ఏదీ దాచకుండా చెప్పాడు. టిక్కు సంగతి కూడా చెప్పాడు. మత్తయ్య తువ్వాలుతో ముఖం మీది పొడి తుడుచుకున్నాడు.

"మీరు గట్ల అన్నంక తీసేద్దామనుకున్న సారూ. మార్తక్క గొంతు గదా, చెయ్యి రాలే."

ఫోను మారినప్పుడల్లా పాటనూ మార్చుకుంటూ వచ్చాడట. అప్పటి ఫోను మెమరీ కార్డులో చోటు చాలక బాగా కుదించానని, అందుకే అంత శుభ్రంగా వినిపించదని చెప్పాడు.

"నా డోలకే ఖరాబైంది. అక్కకేం గాలే," అన్నాడు. తర్వాత ఫోను తీస్తూ, "పంపుతా మరి? మళ్ల దొంగనంటరా?"

"తప్పు నాదే మత్తయ్యా. పంపు. ఎవలడిగినా పంపు."

సాయంత్రం రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. ముందు బరబరమని చప్పుడు, ఆ వెంటనే మార్త మాట: "జర ఆగుండ్రి, గొంతెండింది. నీళ్లు తాగుత." గ్లాసు కింద పెట్టిన చప్పుడు. పాటకు అదొక మచ్చ అనుకొని, ఆమె బతికున్నన్నాళ్లూ అతడు ఆ ముక్కను దాటించే వినేవాడు.

గ్లాసు చప్పుడు దగ్గర ఆపి, మళ్లీ మొదటికి జరిపాడు. మళ్లీ ఆపాడు. ఎదుటి సీట్లో పక్కవాళ్లతో కన్నడం మాట్లాడుతున్న ముసలమ్మ అతని ముఖం చూసి, ఏమీ అడగకుండా తన నీళ్ల సీసా ఇటు జరిపింది.

రైలు వికారాబాదు చేరేసరికి పాట ఇంకా మొదలుకాలేదు.