కుమార్ అంటే చాలు

మైకు ఎత్తు కూడా నాకు సరిపోయేట్టు దించిపెట్టారు, ఎంత మర్యాద, ఎంత నమ్మకం, దేవుడు నత్తి మాన్పిన మన కుమార్ గారు ఇప్పుడు సాక్ష్యం చెబుతారు అని తోమా పాస్టరు గారు పిలవగానే గుడంతా చప్పట్లు, ఆ చప్పట్లలో కాసిని నా కూతురికి మిగిల్చి ఉంటే మీ సొమ్మేం పోయేది, అదిగో చాప మీద వాళ్లమ్మ ఒళ్లో మొహం దాచుకుంది క్రిస్టీనా, ఎనిమిదేళ్ల పిల్ల, క్రిస్మస్‌కని కుట్టించిన ఎర్ర గౌను, తోటి పిల్లలంతా ఒకరి తర్వాత ఒకరు వచ్చి కంఠత వాక్యాలు చెప్పి వెళ్లారు, దాని పేరు మాత్రం పిలవలేదు, ఏమిటని అడిగితే సండేస్కూలు జయకుమారి టీచరు నన్ను కిటికీ దగ్గరకి తీసుకెళ్లి, ఏమనుకోకండి కుమార్ గారూ, పాపకి నత్తి కదండీ, అందరి ముందూ ఇబ్బంది పడుద్దని తీసేశాం, వచ్చే ఏడు చూద్దాంలెండి అంది, ఎవరికమ్మా ఇబ్బంది, దానికా మీకా, నత్తి పోయినవాడికి మైకు, నత్తి ఉన్నదానికి చాప, ఇదేం న్యాయం, ఒళ్లు మండిపోతోంది నాకు.

ఇదే గుడి, నా చిన్నప్పుడు రేకుల కప్పు, నేనూ ఇలాగే కొత్త చొక్కా వేసుకుని వాక్యం చెప్పడానికి బల్లెక్కి మొదటి మాట దగ్గరే ఆగిపోయాను, ప, ప, ప, పెదవులు అతుక్కుపోయి మెడ నరాలు ఉబ్బిపోతుంటే వెనకనుంచి ఎవడో ఒరేయ్ పప్పుగా అన్నాడు, ఇక పదో తరగతి దాకా అదే నా పేరు, అప్పటి టీచరు నన్ను రెక్క పట్టుకుని కిందకి దించి చేతిలో బూందీ పొట్లం పెట్టింది, జాలి పొట్లం, ఆ రోజునుంచి నేను బూందీ ముట్టలేదు, మిరప కల్లంలో అమ్మ పక్కన కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ నాలో నేనే గొణుక్కునేవాణ్ని, ఏ మాట దగ్గర ఆగిపోతానో ఆ మాటని తాలుకాయలా పక్కన పడేసి ఇంకో మాట ఎత్తుకోవడం అక్కడే అబ్బింది, ఏందిరా నాయనా నీలో నువ్వు అనేది అమ్మ, ఏం లేదమ్మా అనేవాణ్ని, ఏం లేదు అనడం తేలిక.

దాంతోనే బతికాను, డిగ్రీ మధ్యలో ఆపేసి విత్తనాలమ్మే పనిలో చేరి, హెల్మెట్ లోపల మాటలు ముందే పేర్చుకుంటూ మార్టూరు నుంచి పెదకాకాని దాకా ఊరూరా తిరిగాను, పత్తి అనలేక తెల్లబంగారం అన్నాను, రైతులు మురిసిపోయారు, పురుగు అనలేక శత్రువు అన్నాను, నవ్వారు, నా దగ్గర మొదట కొన్న రైతు పిచ్చయ్య గారు, ఆయన్ని పేరుతో పిలవలేక బాబాయ్ అన్నాను, వరస కలిపాడని ఆయన పొంగిపోయి ఊరంతటిచేతా నా విత్తనమే వేయించాడు, ఏం మాటకారివయ్యా నువ్వు అన్నారు, కంపెనీ వాళ్లు శాలువా కప్పారు, ఇంతా చేసి ప్రసన్నకుమార్ అని అమ్మానాన్న పెట్టిన పేరు ఎక్కడా నోటితో చెప్పింది లేదు, ముందు కార్డు చేతిలో పెట్టడం, కుమార్ అంటే చాలండీ అనడం.

పొద్దున బండి మీద వస్తుంటే వెనకనుంచి క్రిస్టీనా అడిగింది, నాన్నా, నీకెలా ప్, ప్, పోయింది, నీకూ తగ్గుద్దిలే అమ్మలూ అన్నాను, పోద్ది అనలేక తగ్గుద్ది అన్నాను, పోతే కదా, ఎక్కడికీ పోలేదు, ఈ పెదవుల వెనకే కూర్చుని ఉంది, జయకుమారి టీచరు నా బిడ్డని ఇవాళ ఒక్కపూట దాచిందని మండిపడుతున్నానే, ఆ ప్రసన్నకుమార్‌ని నేను ఇన్నేళ్లూ దాచలేదూ, నన్ను చూసి అది నేర్చుకునేదేమిటి, మొహం దాచుకోవడమే, చెప్పండి చెప్పండి అంటున్నారు పాస్టరు గారు, కుమార్ అన్న మాట నాలుక చివర తయారుగా ఉంది, వద్దు, అందరికీ వందనాలు, నా ప్, ప్, పేరు, వచ్చింది, ప్ర, ప్ర, ఎవరో కిసుక్కున నవ్వారు, నవ్వుకోండి, మెడ బిగుసుకుపోతోంది, పోనీ, టీచరు తల దించుకుంది, క్రిస్టీనా తలెత్తి నా నోటివంకే చూస్తోంది, ప్ర, చూడమ్మా, బాగా చూడు, ఈ పేరు పూర్తిగా చెప్పేదాకా నేను మైకు వదలను, ఆ తర్వాత నీ వంతు.