ముక్కు మిగిలింది

దేవుడు మనుషుల్ని పూర్తిగా చెక్కి పంపుతాడా, తొందరలో కొంత పని మిగిల్చేస్తాడా అని నాకు చాలా ఏళ్లుగా అనుమానం. రోజూ దీపం పెట్టి దణ్ణం పెట్టుకునేవాణ్ణే గాని, మా అమ్మా, మా ఆవిడా ఒకే వంటగదిలో తిరగడం చూసినప్పుడల్లా ఆ అనుమానం తలెత్తుతూనే ఉంటుంది.

మా ఆవిడది రాతిపని. సమాధుల మీద పేర్లు చెక్కుతుంది. ఈ మధ్య పార్కులో శిల్పుల శిబిరం పెట్టి, జనం ఎదుటే రాళ్లు చెక్కమని తననీ పిలిచారు. న్యాయనిర్ణేత అన్నిటికన్నా మెచ్చిన శిల్పాన్ని పార్కు గేటు దగ్గర నిలబెడతారట. మిగతావి నీళ్ల మోటారు గది వెనక్కి. చచ్చినవాళ్ల పేర్లు కాకుండా తనకు తోచింది చెక్కడం మా ఆవిడకు ఇదే మొదలు. గేటు మీద గట్టిగానే ఆశ పెట్టుకుంది.

కూర్చున్న ముసలావిడ బొమ్మ మొదలుపెట్టింది. ముక్కు మాత్రం లావుగా వదిలింది. రాతిపనిలో అది పద్ధతి. తీసేసిన రాయిని మళ్లీ అతికించలేరు గనక ముక్కును చివర్లో దిద్దుతారు.

అమ్మ రోజూ మడత కుర్చీ తెచ్చుకుని ముందు కూర్చునేది.

"ఇది నేనేనా?"

"ఎవరూ కాదత్తయ్యా. ఎవరో ముసలావిడ."

"మనింట్లో ముసలావిడ ఎవరు, నీ మొగుడా?" అని అమ్మ నా వైపు తిరిగింది. "చూశావట్రా, వంకాయంత ముక్కు పెట్టింది! నా మీదున్న కసంతా అక్కడే పోసింది."

"ఇంకా పనుందత్తయ్యా."

"వీధి వీధంతా చూశాక ఎంత పనుంటే ఏం లాభం?"

వీధినంతా వెంటబెట్టుకొచ్చి చూపించింది అమ్మే.

ఆఖరి రోజు న్యాయనిర్ణేత వచ్చాడు. ముక్కు ముందు ఆగి కళ్లు మూసుకున్నాడు. కళ్లు తిరుగుతున్నాయేమోనని నేను మంచినీళ్లు అందించాను.

"ఈ ముక్కు ఒక ధిక్కారం," అన్నాడు. "తరతరాల మౌనం ఇక్కడ గడ్డకట్టింది."

చుట్టూ ఉన్నవాళ్లు తమ ముక్కులు తడుముకున్నారు.

"ఇంకా దిద్దలేదండీ," అంది మా ఆవిడ.

"దిద్దకండి! ఉలి తగిలిందా, ఇది మామూలు ముసలావిడ అయిపోతుంది. ఇలాగే వదిలేస్తే గేటు దగ్గర చోటు మీదే."

పక్క శిల్పి తన రాయిని లారీలోంచి దించింది దించినట్టే ఉంచి, దాని ముందు కూర్చుని ఆలోచిస్తున్నాడు. ఆయనకూ చప్పట్లు పడ్డాయి. కనిపించనివాణ్ణి నమ్మడం పూజగదిలో నాకు అలవాటే. పార్కులో కనిపించని శిల్పాన్ని నమ్మడం మాత్రం కుదరలేదు.

న్యాయనిర్ణేత వెళ్లాక మా ఆవిడ సుత్తి కింద పెట్టేసింది.

"గేటు దగ్గరైతే ఊరంతా చూస్తారా?" అని అమ్మ నన్నడిగింది.

"చూస్తారమ్మా."

"ఈ ముక్కుతోనా?"

"ఈ ముక్కుతోనే."

అమ్మ బొమ్మకేసి చూసింది, కోడలికేసి చూసింది. "నీకేం చెయ్యాలనుందే?"

ఆ ప్రశ్న అమ్మ నోట నేను ఎప్పుడూ వినలేదు. మా ఆవిడ కూడా ఎప్పుడూ విని ఉండదు.

"పూర్తి చెయ్యాలనుందత్తయ్యా. గేటు పోతే పోయింది. సగం పని నాదని ఎలా చెప్పుకోను?"

"మరి కూర్చున్నావేం?"

"ముక్కు పక్కలకి సన్న ఉలి కావాలి. మా నాన్న ఇచ్చింది ఒకటుండేది. పెళ్లైన కొత్తలో కిటికీ రెక్క బిగుసుకుందని మీరు తీసుకున్నారు."

"అడగొచ్చుగా?"

"అడిగాను. ఇస్తాలే అన్నారు. మళ్లీ అడిగితే, కిటికీ ఇంకా తెరుచుకోలేదన్నారు."

వెనక ఎవరో నవ్వారు. అమ్మ కుర్చీ మడిచి నా చేతికిచ్చి, ఆటో ఎక్కి వెళ్లిపోయింది. అలిగిందనుకున్నాం.

ఎండ తగ్గుతుండగా తిరిగొచ్చింది. పాత చీరముక్కలో చుట్టిన ఉలి తీసి కోడలి చేతిలో పెట్టింది. ఇన్నేళ్లూ దీపపు కుందుల మసి గీకడానికి వాడినట్టుంది, పిడి నల్లబడిపోయింది. అంచు మాత్రం తళతళలాడుతోంది.

"సాన కూడా పట్టించుకొచ్చాను," అంది అమ్మ. "ఇన్నాళ్లూ ఇవ్వలేదని మీ పుట్టింట్లో చెప్పకు."