తాబేళ్ళ గూటి తలుపు

పొద్దున్నే కొట్టు తెరవగానే తలుపులావిడ చేసే మొదటి పని, పక్కగదిలో నిద్రపోతున్న తమ్ముడికి వినపడేలా ఏదో ఒకటి కింద పడెయ్యడం. ఒకరోజు సుత్తి, ఒకరోజు రంపం, మరీ మండిపోయిన రోజున ఏకంగా ఒక తలుపు రెక్క. ఏడాదిగా వీధిలో ఎవరికీ అలారం పెట్టుకునే పని లేకుండా పోయింది.

తండ్రి పోయాక తలుపుల కొట్టు ఆమె చేతికొచ్చింది. పని కూడా ఆయన దగ్గరే నేర్చుకుంది. చుట్టుపక్కల ఏ ఇంటికి తలుపు కావాలన్నా ఆమే చెయ్యాలి, అందుకే అసలు పేరు పోయి తలుపులావిడ మిగిలింది. కోపం వస్తే ఆమె అరచేతులు కాగుతాయి. ఆ చేతులు పడిన చెక్క, ఆ కోపం ఉన్నంతకాలం వెచ్చగానే ఉంటుంది. దీని గురించి వీధిలో ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు, ఒకరికి చెంప మీద పుట్టుమచ్చ ఉంది, ఈవిడకిది ఉంది, అంతే. ముసురు పట్టిన రోజుల్లో ఎదురింటి దర్జీ తడిచొక్కాలు తెచ్చి ఆమె పనిబల్ల మీద పరిచేవాడు. పరిచి, ఏమీ ఎరగనట్టు, "అన్నట్టు అమ్మాయ్, మీ తమ్ముడు కులాసానా?" అని అడిగేవాడు. పది నిమిషాల్లో చొక్కాలు పెళపెళలాడేవి. కాలర్లు ఇస్త్రీ కూడా అయిపోయేవి.

అయితే నిజం కోపానికే ఆ వేడి. ఊరికే నోరు పారేసుకుంటే బల్ల చల్లగానే ఉంటుంది. ఆ తేడా బాగా తెలిసింది ఇంట్లో ఉండే పిన్నికి. అమ్మాయి కోపంగా ఉందా, ఉత్తినే అరుస్తోందా అని అనుమానం వస్తే తడి తువ్వాలు తెచ్చి ఆమె చేసిన చెక్క మీద ఆరేసేది. తువ్వాలు ఆరితే తను మౌనం, ఆరకపోతే ఎదురు వాదన.

తమ్ముడి విషయంలో మాత్రం ఏడాదిగా తువ్వాళ్ళన్నీ ఆరుతూనే ఉన్నాయి.

వాళ్ళమ్మ పోతూ పోతూ మూడు తాబేళ్ళని వదిలి వెళ్ళింది. ఎవరొచ్చినా లేవనిది అధ్యక్షుడు. ఎప్పుడూ తల దించుకుని ఆకు నములుతూ ఉండేది గుమాస్తా. తిండి వేళకి ఎక్కడున్నా ఠంచనుగా దిగేది చుట్టం. తలుపులావిడ పదహారో ఏట అమ్మ కోసం పెరట్లో వాటికో పెట్టె చేసింది, దానికో బుల్లి తలుపు పెట్టింది. ఆమె బతుకులో చేసిన మొదటి తలుపు అది. కిందటి చలికాలం ఆమె పక్క ఊళ్ళో ఒక బడికి తలుపులు బిగించడానికి వెళ్తూ, వాన వచ్చేలా ఉంది, సాయంత్రానికల్లా మూడింటినీ వంటింట్లోకి చేర్చమని తమ్ముడికి ఒకటికి పదిసార్లు చెప్పింది. వడగళ్ళ వాన పడింది. మర్నాడు ఆమె తిరిగొచ్చేసరికి అధ్యక్షుడూ గుమాస్తా వంటింట్లో గోనె కింద ఉన్నాయి. చుట్టం ముక్కు నుంచి నీరు కారుతూ, నోరు తెరిచి ఊపిరి పీలుస్తోంది. వారం తిరక్కుండానే పోయింది.

ఏం జరిగిందిరా అంటే తమ్ముడు ఒకే ఒక్క మాట అన్నాడు. "ఆలస్యమైందక్కా."

పైగా పెట్టె లేదు. కప్పు చెక్క విరిగితే మొత్తం పొయ్యిలో పెట్టేశానన్నాడు. వేళ్ళకి కట్టు ఏమిటంటే వైరింగు పనిలో తగిలిందన్నాడు. ఎలక్ట్రీషియన్ కదా, ఆ మాటా నమ్మాల్సిందే. అమ్మ తాబేలు పోయింది, అమ్మకిచ్చిన పెట్టె పోయింది, క్షమించమన్న మాట కూడా లేదు. ఆ రోజు నుంచి తలుపులావిడ తమ్ముడితో నేరుగా మాట్లాడటం మానేసింది. ఏదున్నా పిన్ని ద్వారానే. "పిన్నీ, ఆయనగారి చెప్పులు దారికడ్డంగా ఉన్నాయని చెప్పు." ఆయనగారు రెండడుగుల దూరంలోనే కూర్చుని ఉండేవాడు.

చలికాలం మళ్ళీ దగ్గరపడింది. ఈసారి రోజూ వాటిని మోసుకుని లోపలికీ బయటికీ తిరిగే పని లేకుండా, వానకీ చలికీ తట్టుకునే గూడు పెరట్లోనే కట్టాలని ఆమె పంతం పట్టింది. జనం వదిలించుకున్న పాత తలుపులు కొట్టులో బోలెడు. వాటి చెక్కతో రెండు పొరల గోడలు లేపింది. పొరల మధ్య థర్మాకోల్ కూరింది. నేల చెమ్మ తగలకుండా మొత్తాన్ని ఇటుకల మీద ఎత్తి నిలబెట్టింది. వాననీళ్ళు వెనక్కి జారిపోయేలా రేకు కప్పు వాలుగా బిగించి, అంచులు జానెడు బయటికి వదిలింది. చూరు కింద గాలికి నాలుగు బెజ్జాలు పెట్టి, ఎలకలు దూరకుండా జల్లెడ కొట్టింది. ఎక్కడానికి ఏటవాలు బల్ల, దాని మీద కాళ్ళు జారకుండా అడ్డపట్టీలు. రంగు బయటే వేసింది, ఆ వాసన వాటికి పడదని. మేకు మేకుకీ తమ్ముణ్ణి తలుచుకుంది. ఆఖరి మేకు దిగేసరికి గూడు అప్పుడే పొయ్యి మీంచి దింపిన కుండలా ఉంది.

లోపల ఒక వేడి దీపం పెట్టి, చలి పెరిగితే దానంతటదే వెలిగేలా చేస్తానని తమ్ముడు పిన్ని ద్వారా కబురంపాడు.

"ఆయనగారి కరెంటు నా గూటికి అక్కర్లేదని చెప్పు," అంది తలుపులావిడ. "నా కోపం చాలు."

"చలికాలం నాలుగు నెలలే," అంది పిన్ని. "కోపం అంతకాలం నిలుస్తుందా?"

"నాది నిలుస్తుంది."

తమ్ముడు లేచాడు. పెరట్లోకి వెళ్ళి గూటి గోడ మీద అరచెయ్యి ఆనించి, కాసేపుంచి, తీసేశాడు. అప్పటినుంచి రోజూ పొద్దున్న అదే పని. జ్వరం తగ్గిందేమోనని పిల్లాడి నుదురు చూసినట్టు చూసేవాడు. తగ్గేది కాదు.

నెలాఖరుకి అతను కొండల అవతల కడుతున్న కరెంటు కేంద్రంలో రెండేళ్ళ పనికి ఒప్పుకున్నాడు. బస్సు ఆదివారం పదకొండింటికి. ఎందుకురా అంత దూరం అని పిన్ని కళ్ళు తుడుచుకుంటే, ఈ ఇంట్లో ఉక్కపోతగా ఉంది పిన్నీ అని నవ్వేశాడు. ఆ మాట తలుపులావిడ చెవిన పడింది. ఆ రోజు దర్జీ పెళ్ళివారి దుప్పట్లు కూడా ఆరేసుకుని వెళ్ళాడు.

ఆదివారం పొద్దున ఆమె ఎప్పటిలాగే తాబేళ్ళని ఎండలోకి వదలడానికి గూటి దగ్గరికి వెళ్ళింది. గడియ తీసి తలుపు తోసింది. కదల్లేదు. ఇంకాస్త తోసింది. బెత్తెడు సందిచ్చి ఆగిపోయింది. సందులోంచి చూస్తే అధ్యక్షుడు తలుపుకి వీపు ఆనించి, నాలుగు కాళ్ళూ లోపలికి ముడుచుకుని, అటుకేసి తిరిగి నిద్రపోతున్నాడు. వెనకాల గుమాస్తా అతనికి ఆనుకుని ఉంది. గట్టిగా తోస్తే ఏ కాలో నలిగిపోతుంది.

ఇంటి తలుపు ఎప్పుడూ లోపలికే తెరుచుకోవాలి. అది తండ్రి నేర్పిన పని. వచ్చినవాడు తోస్తే ఇల్లు వాణ్ణి లోపలికి పిలిచినట్టుండాలి అనేవాడు ఆయన. ఇన్నేళ్ళలో ఆమె వందల తలుపులు బిగించింది, ఒక్కటీ బయటికి తెరిచింది లేదు. తాబేళ్ళ తలుపూ అంతే. తలుపు వెనకే పడుకునేవాళ్ళు కూడా ఉంటారని ఆమె చేతులకి ఎవరూ చెప్పలేదు.

సందులో వేళ్ళు దూర్చి అధ్యక్షుణ్ణి పక్కకి జరపబోయింది. డొప్ప జారింది, చెక్క పెచ్చు గోరు కింద దిగింది. ఆమెకి కోపం వచ్చింది. తలుపు మీద, తాబేలు మీద, పదకొండింటి బస్సు మీద, అన్నిటినీ మించి ఆ బస్సెక్కేవాడి మీద. గోడలు కాగడం మొదలుపెట్టాయి. చూరు కింద బెజ్జాల్లోంచి వేడి గాలి ఆమె ముఖానికి తగిలింది. లోపల కాళ్ళు చెక్కని గీరుతున్న చప్పుడు. చల్లబడాలి అనుకుంది, అనుకున్నకొద్దీ తన మీద తనకే మండుకొచ్చింది, గోడలు ఇంకా కాగాయి. ఇలాగే ఉంటే రెండూ లోపలే మాడిపోతాయి.

పరిగెత్తి గునపం తెచ్చింది. రేకు పీకింది. దాని కిందున్న కప్పు చెక్క సందులో గునపం పెట్టి, ఒంటి బరువంతా వేసి ఎత్తింది. చెక్క ఫెళ్ళున నిలువునా విరిగింది. రెండు చేతులూ లోపలికి పెట్టి అధ్యక్షుణ్ణి తీసింది, గుమాస్తాని తీసింది, గడ్డి మీద దించింది. అధ్యక్షుడు తల బయటపెట్టి, సభ మధ్యలో ఎవరో లేపినట్టు ఆమెకేసి చిరాగ్గా చూశాడు.

ఆమె చేతిలో విరిగిన కప్పు చెక్క ఉంది. వేళ్ళు నెత్తురోడుతున్నాయి.

కప్పు చెక్క విరిగింది. వేళ్ళకి కట్టు.

ఆమె అక్కడే నేల మీద కూలబడింది. అమ్మకి చేసిచ్చిన పెట్టె తలుపు కూడా లోపలికే తెరుచుకునేది. ఆ సాయంత్రం వడగళ్ళలో వాడు ఇక్కడే మోకాళ్ళ మీద కూర్చుని, ఇలాగే తోసి, ఇలాగే వేళ్ళు దూర్చి, ఇలాగే కప్పు పగలగొట్టి ఉంటాడు. తలుపుకి ఆనుకుని, పెట్టెలో చేరిన నీళ్ళలో అందరికంటే కింద ఉన్నది చుట్టం అయ్యుంటుంది. తర్వాత ఆ తలుపు ఆమె కంట పడకుండా పొయ్యిలో పెట్టేశాడు. ఏడాదిపాటు సుత్తి చప్పుళ్ళకి నిద్ర లేచాడు.

లేచాక ఒక్క నిమిషం ఆగలేదు. వేళ్ళకి గుడ్డపీలిక చుట్టుకుని, బందులు ఊడదీసి, తలుపు తిప్పి, బయటికి తెరుచుకునేలా బిగించింది. చేతికి అలవాటైన పనిని తిరగేసి చెయ్యడం కదా, రెండుసార్లు మరలు తప్పుగా పెట్టింది.

పదిన్నరకి తమ్ముడు సంచి భుజాన వేసుకుని పెరట్లోకి వచ్చాడు. వెనకే పిన్ని తడి తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వచ్చింది. అక్క వీపు తిప్పి మరలు బిగిస్తోంది. తమ్ముడు ఆమెని పలకరించలేదు, అలవాటు లేదుగా. ఎప్పటిలాగే గూటి గోడ మీద అరచెయ్యి ఆనించాడు. తీశాడు. చేతిని చొక్కాకి తుడుచుకుని మళ్ళీ ఆనించాడు. ఇటుపక్కకి తిరిగొచ్చి రెండో గోడ చూశాడు.

చల్లగా ఉంది. చెరువు గట్టు మీద రాయిలా ఉంది.

అప్పుడు విరిగిన కప్పు చూశాడు, బయటికి తెరుచుకున్న తలుపు చూశాడు, ఆమె వేళ్ళ కట్టు చూశాడు.

"నోరు లేదట్రా నీకు?" అంది ఆమె తిరక్కుండానే. ఏడాదిలో మొదటి మాట. "ఏడాది. ఏడాదిరా వెధవా."

"అది నువ్వు అమ్మకి చేసిచ్చిన మొదటి తలుపక్కా."

ఆమె తిట్లు అందుకుంది. పెంకెతనాన్ని, దొంగ మౌనాన్ని, అడ్డంగా వదిలే చెప్పుల్ని, ఏడాదిగా పిన్ని ద్వారా పంపలేకపోయినవన్నీ వరసపెట్టి తిట్టింది. పిన్ని ఇద్దర్నీ ఒకసారి చూసి, చేతిలో తువ్వాలు గూటి గోడ మీద ఆరేసింది.

వీధి చివర బస్సు హారన్ కొట్టింది. తమ్ముడు అటు చూసి, ఇటు గూడు చూశాడు.

"ఇది ఇంత చల్లగా ఉంటే వీళ్ళు చలికాలం దాటరు," అన్నాడు. సంచి కింద పెట్టి, అందులోంచి టెస్టరూ వైరు చుట్టా బయటికి తీశాడు. "దీపం ఎటు మూల పెట్టమంటావు?"

"తలుపు దగ్గర పెట్టకు, బుద్ధున్నవాడైతే," అని అరిచింది.

బస్సు ఇంకోసారి హారన్ కొట్టి వెళ్ళిపోయింది. ఆమె తిడుతూనే ఉంది, అతను వైరు లాగుతూనే ఉన్నాడు. పిన్ని ఆరేసిన తువ్వాలు సాయంత్రందాకా తడిగానే ఉంది.