కదలని కొంగలు

నేను ఒక దుర్భిణిని. ఎక్కడో దూరదేశపు కార్ఖానాలో పుట్టి, ఒక అటవీ అధికారి మెడలో పదేళ్లు వేలాడాను. ఆయన నాతో పిట్టలకన్నా తన కింది ఉద్యోగులనే ఎక్కువ చూశాడు. రిటైరైన రోజున, కొల్లేటి లంకలో పక్షుల లెక్క రాసే భూలక్ష్మికి నన్ను ఇచ్చేశాడు.

భూలక్ష్మికి మాట తక్కువ, ఓపిక ఎక్కువ. చలి విరిగిన ఫాల్గుణంలో, వలస పిట్టలు తిరుగు ప్రయాణం కట్టకముందే వాటిని లెక్కపెట్టాలి. మేనమామ ఏడుకొండలు తాటిదోనె తోసేవాడు.

"ఎన్నిసార్లు లెక్కెడతావే? అయ్యేమన్నా ఓట్లేత్తాయా?" అని ఆటపట్టించేవాడు.

ఆ ఏడు ఒక మిట్ట మీద మూడు తెల్లకొంగలు రోజూ నిలబడి ఉండేవి. దోనె దగ్గరికి వెళ్లినా ఎగిరేవి కావు. 'మనిషంటే భయం లేదు' అని భూలక్ష్మి పుస్తకంలో రాసుకుంది, ఊళ్లో గొప్పగా చెప్పుకుంది. ఏడుకొండలు దోనెను ఎప్పుడూ పొద్దుకు ఎదురుగానే తోసేవాడు కనుక, నాకూ అవి నల్లటి నీడల్లాగే కనిపించేవి.

ఒక ఉదయం అతను రాలేదు. ఆమె ఒక్కతే దోనె తోసుకుంటూ మిట్టకు అవతలి వైపు వెళ్లి, నన్ను ఎత్తింది.

కొంగ ముఖం స్పష్టంగా వచ్చింది. కన్ను లేదు. పై రెప్పనూ కింది రెప్పనూ కలిపి సన్నటి దారంతో కుట్టేశారు. కాలు మేకుకు కట్టి ఉంది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. ఆమె నన్ను గబుక్కున పక్కకు తిప్పింది; నాలో నీళ్లూ ఆకాశమూ కలిసిపోయాయి. మళ్లీ కుదురుకునేసరికి, కొంగల వెనక తుంగలో వల తాడు పట్టుకుని ఏడుకొండలు కూర్చుని ఉన్నాడు.

"మావయ్యా! కళ్లు కుట్టావా?"

"అరవకే! గుంపు దిగుతోంది. ఈటిని చూసే వాలతాయి."

"కుట్టావా?"

"చూపుంటే బెదిరిపోద్ది కదే. పనయ్యాక ఇప్పేత్తాం. భయం లేని కొంగలని నువ్వు రాసుకుంటే నేనేమన్నా కాదన్నానా?"

తల మీద నలభై కొంగలు చక్రం తిరుగుతూ కిందికి వస్తున్నాయి. ఎన్నడూ గొంతు పెంచని భూలక్ష్మి దోనెలో లేచి నిలబడి కేక పెట్టింది. దోనె తోసే గెడతో నీళ్లను బాదింది. గుంపు ఒక్కసారిగా పైకి లేచి చెదిరిపోయింది.

తర్వాత ఆమె మిట్ట మీదికి దిగి, మొదటి కొంగను ఒడిలోకి తీసుకుని, దారాన్ని పళ్లతో తెంపింది. కన్ను తెరుచుకోగానే అది ఆమె చేతిని రక్తం వచ్చేలా పొడిచింది.

"రా. ఆ రెండోదాన్ని పట్టుకో," అంది.

ఏడుకొండలు తల వంచుకుని వచ్చి పట్టుకున్నాడు. రెక్క నలగకుండా, మెడ ఒరగకుండా, పసిబిడ్డను పట్టుకున్నట్టు. కుట్టేటప్పుడూ ఇలాగే పట్టుకుని ఉంటాడు.