తాడు పాట

బడా బజార్ మూలన కూర్మమ్మ కవళ్ళ చేపల గంప ముందు గొంతుక్కూర్చుని బేరమాడుతోంది. కొనేవాళ్ళతో ఒడియాలో, గంపతో తెలుగులో. నల్లటి చేతులు, ఉప్పుకి పగిలిన అరికాళ్ళు, ముక్కుకి రెండువైపులా పుడకలు. తెల్లారగట్ల గోపాలపురం ఒడ్డున చేపలెత్తుకుని, పొద్దెక్కేసరికి బస్సులో బరంపురం. నలభై ఏళ్ళుగా ఇదే మూల. ఈరోజు మాత్రం గంప త్వరగా ఖాళీ చెయ్యాలని ఆత్రం. నాలుగింటికి ఈ ఊళ్ళోనే ఓ హాల్లో మనవరాలు చందన బ్యాండు పాడుతుంది. అందులో పాట ఎత్తాల్సింది కూర్మమ్మే.

అది పెద్దవలని ఒడ్డుకి లాగే పాట. మొగుడు మసేను ఎత్తితే ఇరవైమంది మగాళ్ళు అందుకుని తాడు లాగేవారు. ఆడది ఆ తాడు తాకకూడదు. చేపలకోసం ఇసకలో కూర్చున్నన్నాళ్ళూ కూర్మమ్మ పెదవి కదపకుండా వింది. ఇప్పుడు మసేను లేడు, పెద్దవలా లేదు. పాట మాత్రం ఆమె దగ్గర ఉండిపోయింది.

ఒకనాడు చందన ఫోనులో స్కాట్లాండు దీవుల బ్యాండొకటి చూపించింది. డ్రమ్ములు, కరెంటు గిటార్లు, చంకలో తిత్తి పెట్టుకుని ఊదే సన్నాయి. పాట మాత్రం వాళ్ళ ముత్తాతల భాషలో. వేలమంది గొంతు కలుపుతున్నారు. ముసల్ది కళ్ళు మూసుకుని వింది.

"ఇది తెడ్డేసే పాటే. ఊపిరి ఎక్కడ తీస్తన్నారో సూడు."

ఆ మాట పట్టుకునే చందనా, గిటారు వాయించే కిరణూ వల పాటకి బాణీ కట్టుకున్నారు.

నిన్న ఊళ్ళో కులపెద్దలు కూడి వద్దన్నారు. చేతిలో తాడు లేకుండా ఆ పాట ఎత్తితే ఎత్తినవాళ్ళకి చేటట. ఆడది ఎత్తితే ఊరికే అరిష్టమట. కూర్మమ్మ వాదించలేదు. ఈరోజు గంప నెత్తికెత్తుకుని బస్సెక్కేసింది.

తీరా హాల్లో మైకు ముందు నిలబడ్డాక ఆమె పాట ఎత్తకుండా తన చేతులే చూసుకుంటోంది. కిరణ్ రెండుసార్లు వాయించడం మొదలెట్టి ఆపాడు. జనం నవ్వారు. వెనకనించి ఎవరో సినిమా పాట వెయ్యమన్నారు.

"ఏటయ్యింది మామ్మా?" చందన చెవిలో అడిగింది.

"సేతులు కాళీగున్నాయే. ఒట్టి సేతుల్తో ఎలాగెత్తేది?"

చందన చుట్టూ చూసింది. నేలమీద పడున్న మైకు వైరు తీసి ఆమె రెండు చేతుల్లో పెట్టింది. "లాగు."

కూర్మమ్మ దాన్ని ఓసారి బిగించి చూసింది. "సన్నం తాడే," అంది. కాలు వెనక్కి తన్నిపెట్టి ఎత్తుకుంది. బొంగురు గొంతు, హాలు చివరిదాకా కొట్టింది. డ్రమ్ము ఆమె ఊపిరిని పట్టుకుంది. మూడో చరణానికి ముందు వరసలవాళ్ళు లేచి లేని తాడు లాగుతున్నారు. సినిమా పాట అడిగినవాడూ లాగుతున్నాడు.

సాయంత్రం బస్సులో ఆమె కిటికీకి తలానించి పడుకుంది. గోపాలపురంలో చందన లేపితే లేవలేదు.

చెప్పామా లేదా అన్నారు పెద్దలు, శ్మశానం దగ్గరే. చందన కళ్ళు తుడుచుకోకుండానే తలెత్తింది.

"డెబ్బై రెండేళ్ళ ముసిల్ది, పాడి సచ్చింది. పాడనోల్లు ఎవులూ సావలేదేటి?"

వచ్చే ఆదివారం పాట తనే ఎత్తుతానని కూడా అక్కడే చెప్పింది.

మైకు వైరుని కిరణ్ ఇంకా తుడవలేదు. ఆమె పట్టుకున్న చోట రెండు చేపపొలుసులు అంటుకుని, ఎండి, వెలుతురు తగిలినప్పుడల్లా మెరుస్తున్నాయి.