కిటికీ అవతలి చేతులు

చేపముక్కలకు ఉప్పూ కారం పట్టిస్తుంటే గోడకున్న చిన్న కిటికీలోంచి భర్త గొంతు వినిపించింది. పత్రిక నుంచి వచ్చిన విలేఖరికి తమ బారు చరిత్ర చెబుతున్నాడు. అందులో తన వంతు ఎప్పుడొస్తుందా అని ఆమె చెవులు రిక్కించింది.

"మొదట్లో ఇది వలలు దాచుకునే నేలమాళిగండీ. మా నాన్న నాలుగు బల్లలేసి సారా కొట్టు చేశాడు. నేనొచ్చాక బారైంది. ఇప్పుడు చూస్తున్నారుగా, ఫ్యామిలీలే దిగుతున్నాయి!"

నిజమే. ఆమె కాపురానికొచ్చేనాటికి ఇది సారా కొట్టే. సముద్రం పోటు మీదున్నప్పుడల్లా గోడల్లోంచి ఉప్పునీళ్లు ఊరేవి. ఆ నీళ్లు తోడి, రాత్రి తాగినవాళ్ల కక్కులు కడిగి, కొట్టు తెరవకముందే మాయమైపోవాలి. "ఇంటి ఆడది తాగుబోతుల కంటపడితే మన పరువేం గాను?" అనేవారు మామగారు. కక్కులు కడిగితే మాత్రం పరువుకేమీ కాదు కాబోలు! వేయించిన చేపలుంటే బేరం పెరుగుతుందని తెలిశాక ఆయనే మెట్ల వెనక చీకటిగదిని వంటిల్లు చేసి, గోడకి ప్లేటు పట్టేంత కిటికీ కొట్టించారు. అందులోంచి ఆమె చేతులు మాత్రమే కనిపించాలి. ఒకసారి ఎవడో తాగి ఆ చెయ్యి పట్టుకు లాగితే, భర్త వాణ్ణి పల్లెత్తు మాట అనలేదు. "నువ్వు చేతులు అంత బయటికి పెట్టడమెందుకు?" అన్నాడు. మామగారు పోయారు. బల్లలు మారాయి, దీపాలు మారాయి, బారు పేరూ మారింది. ఆమె మాత్రం ఆ పొయ్యి దగ్గరే ఉండిపోయింది.

ఈ మధ్యే కౌంటర్లో ఒక అమ్మాయిని పెట్టాడు. ఆడమనిషి ఉంటే ఫ్యామిలీలు ధైర్యంగా వస్తాయట. "మరి నేనున్నానుగా?" అంటే నవ్వేశాడు. "నువ్వొస్తే వంటెవరు చేస్తారే?" ఆ పిల్ల మీద ఆమెకు కోపం లేదు. కిటికీలోకి వంగి "తిన్నావా అక్కా?" అని అడిగేది అదొక్కతే.

"ఇది రాసుకోండి," అంటున్నాడు భర్త. "మా బారులో పనిచేసిన మొట్టమొదటి ఆడమనిషి ఈ అమ్మాయే!"

"మరి వంట?" అడిగాడు విలేఖరి.

"అదా! అది ఇంట్లో చూసుకుంటారు లెండి."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఏడుపు కూడా వచ్చింది, కానీ ఏడవలేదు. పొయ్యి ఆర్పేసి, చేతులు కడుక్కుని, పెరటి మెట్లెక్కి వీధిలోకి వెళ్లింది. చుట్టూ తిరిగొచ్చి ముందరి మెట్లు దిగింది. జనం ఉండగా ఆ మెట్లు దిగటం ఆమెకిదే మొదటిసారి. గోడవార బల్ల దగ్గర కూర్చుంది. భర్త విలేఖరి వైపు తిరిగి చెప్పుకుపోతూనే ఉన్నాడు.

కౌంటరు అమ్మాయి పరుగున వచ్చింది. "అక్కా! నువ్వేంటి ఇక్కడ?"

"ఆకలేస్తోంది. ఒక ప్లేటు చేప చెప్పు."

ఆ పిల్ల ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, గొంతెత్తి కేకేసింది. "సార్, ఒక ప్లేటు చేప!"

భర్త తల తిప్పకుండానే కిటికీకేసి అరిచాడు. "ఏమే, ఒక ప్లేటు!" కిటికీలో చేతులు కనిపించలేదు. మళ్లీ అరిచాడు. విలేఖరి ముందు చిన్నతనమై, విసుగ్గా లేచి కిటికీలో తల దూర్చాడు. "ఎక్కడ చచ్చావే?"

వెనక నుంచి ఆమె నింపాదిగా అంది. "ఎవర్నండీ పిలుస్తున్నారు? అక్కడెప్పుడూ ఎవరూ పనిచెయ్యలేదుగా."