గుమ్మానికి అంటించిన మాట

నేను ఒక అట్టముక్కను. పుట్టినప్పుడు ఎవరి పెళ్ళికో పిలిచే శుభలేఖను. విశాఖపట్నంలో జపాను భాష నేర్పే భానోజీ మాస్టారు పాత శుభలేఖలు పోగేసి, కత్తిరించి, వెనకవైపు ఒక్కో క్రియ రాసి పంచుతారు. నా వంతుకు 'ఇకు' వచ్చింది. అంటే వెళ్ళడం. మర్యాదగా 'వెళ్తాను' అనాలంటే 'ఇకిమాసు'.

నన్ను నూకరత్నానికి ఇచ్చారు. జాలరిపేట పిల్ల, నర్సు చదువు చదివింది. జపానులో వృద్ధాశ్రమం ఉద్యోగం కోసం ఈ తంటాలన్నీ. ఏ పని ఎక్కడ చేస్తామో ఆ క్రియను అక్కడే అంటించాలని మాస్టారి నియమం. రత్నం నన్ను వీధి గుమ్మానికి అంటించింది.

వాళ్ళమ్మ పైడమ్మకు చదువు రాదు. "ఏటే అది?" అంది. కూతురు చెప్పగానే ఆవిడ ముఖం మాడిపోయింది.

"గుమ్మం కాడ వట్టి 'ఎల్తాను' ఏటే? మీ అయ్య ఆ రోజు కోపంలో 'పోతన్నాను' అనేసి సంద్రం మీద ఏటకెల్లినాడు. పడవా రాలేదు, మడిసీ రాలేదు. వత్తానని కూడా అను. నా మీద ఒట్టు!"

నన్ను పీకి కూతురి చేతిలో పెట్టింది.

ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు జపాను వాళ్ళూ 'ఇత్తెకిమాసు', అంటే వెళ్ళొస్తాను అంటారని మాస్టారు చెప్పాక పిల్ల ప్రాణం కుదుటపడింది. మాట మార్చి చెబితే సముద్రం వింటుందని మనుషుల నమ్మకం. అట్టముక్కను, నాకేం తెలుసు.

ఇంటర్వ్యూ రోజు మాస్టారు ఆమె పక్కన, నేను ఆమె పిడికిట్లో ఉన్నాం. మంచు కురిసే మారుమూల ఊరికి పంపినా వెళ్తావా అని కంప్యూటర్ తెరమీద పెద్దమనిషి అడిగాడు. "ఇత్తెకిమాసు" అంది రత్నం.

ఆయన భృకుటి ముడిపడింది. తిరిగి ఎప్పుడు వెళ్ళిపోతావు అన్నాడు. క్రితం ఏడాది వచ్చినమ్మాయి ఆరు నెలలకే వెళ్ళిపోయిందట. వాళ్ళకు ఉండిపోయే మనిషి కావాలి.

ఆ అరచేతి చెమటకు నా సిరా చెదిరింది. రత్నం కళ్ళు మూసుకుని "ఇకిమాసు" అంది. ఉద్యోగం వచ్చింది.

ప్రయాణం రోజు పైడమ్మ మాస్టారిని పక్కకు పిలిచింది. "బాబూ, ఆల్ల కాడ మా గుంట రత్నం వత్తానని కూడా అన్నాదా?"

"అంది తల్లీ," అన్నారాయన, చెప్పులకేసి చూస్తూ. వినబడేంత దూరంలోనే ఉన్న రత్నం తల ఎత్తలేదు.

రత్నం వదిలి వెళ్ళిన నేను ఇప్పుడు పైడితల్లమ్మ పటం పక్కన ఉన్నాను. పైడమ్మ రోజూ నా అక్షరాల మీద వేలు పెట్టి, "ఎల్లొత్తాను, ఎల్లొత్తాను" అని చదువుకుంటుంది. నా మీద ఆ రెండో సగం లేదని చెప్పడానికి నాకు నోరు లేదు. ఉన్నా చెప్పలేను.